మతం సమాజాన్ని కలిపి ఉంచుతుందనే మాటను పరీక్షించేదెలా?

చదువరి_27
సోషియాలజీ పుస్తకం ఏది తీసినా మతం అధ్యాయం ఒకే మూసలో ఉంటోంది. ఫ్రెంచి సోషియాలజిస్టు దుర్ఖైమ్ అంటే మతం కలుపుతుంది, మార్క్స్ అంటే మత్తుమందు, వెబర్ అంటే ప్రొటెస్టంట్ నీతి. తలా రెండు పేజీలు, చివర "విమర్శలు" అని నాలుగు పాయింట్లు. వీటిలో ఏది నిలబడుతుందో తేల్చడానికి ఏం చూడాలో మాత్రం ఎవరూ రాయరు. గొడవ జరిగితే మతం విడదీసింది, జరక్కపోతే మతం కలిపింది అనేస్తే అది సిద్ధాంతం ఎలా అవుతుంది? ఏం కనిపిస్తే దుర్ఖైమ్ పొరపాటు పడ్డాడని ఒప్పుకోవాలి? పరీక్షల కోసం అడగడం లేదు, నిజంగా అర్థం కావాలి.

సూటిమాట
దుర్ఖైమ్ ఓడిపోయే దారే లేకుండా రాసుకున్నాడు. మతం అంటే, తనను నమ్మేవాళ్లందరినీ ఒకే నైతిక సమూహంగా కలిపే నమ్మకాలూ ఆచారాలూ అని నిర్వచనంలోనే పెట్టేశాడు. కలపడం నిర్వచనంలోనే ఉన్నాక "మతం కలుపుతుంది" అన్నది కొత్తగా కనుక్కున్న సంగతి ఎలా అవుతుంది?

పాతసంచిక
సూటిమాట గారి అభ్యంతరం దుర్ఖైమ్ 1912లో మతం మూలరూపాల మీద రాసిన పుస్తకానికి సరిపోతుంది. 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకానికి సరిపోదు. అక్కడ వాదన పట్టుకుని చూడ్డానికి వీలుగా ఉంది. ప్రొటెస్టంట్లలో ఆత్మహత్యల రేటు కాథలిక్కుల కంటే ఎక్కువ. రెండు శాఖలూ దాన్ని ఒకేలా ఖండిస్తాయి కాబట్టి తేడాకు కారణం బోధ కాదు. కాథలిక్కుల్లో ఉమ్మడి నమ్మకాలు, ఉమ్మడి ఆచారాలు ఎక్కువ. ప్రొటెస్టంటుకు గ్రంథం తనే చదివి తేల్చుకునే స్వేచ్ఛ ఎక్కువ, అందువల్ల అతని మీద సమూహపు పట్టు తక్కువ. రేట్లు తారుమారైతే వాదన పడిపోతుంది. ఇంతకంటే స్పష్టమైన పందెం ఏముంటుంది?

లెక్కలపంతులు
పందెం స్పష్టంగానే కాశాడు. గెలిచాడా అంటే అనుమానమే.

ఆయన దగ్గర ఉన్నవి ఎక్కువగా ప్రాంతాల వారీ లెక్కలు. ప్రొటెస్టంట్లు ఎక్కువున్న జిల్లాలో రేటు ఎక్కువ అంటే ప్రొటెస్టంట్లే ఎక్కువగా చనిపోతున్నారని అర్థం కాదు. ఆ జిల్లాలో కొద్దిమందిగా ఉన్న కాథలిక్కులే రేటు పెంచుతూ ఉండొచ్చు. జిల్లా అంకె నుంచి మనిషి మీదికి దూకకూడదు.

పోనీ మనుషుల స్థాయిలోనూ తేడా ఉందనుకుందాం. ఆయన బాటలోనే నడిచిన హాల్బ్‌వాక్స్ 1930లో ఇంకో సంగతి ఎత్తాడు. కాథలిక్కులు ఎక్కువగా పల్లెల్లో, పాతకాలపు కుటుంబాల్లో ఉన్నారు. తగ్గించింది మతమా, పల్లె జీవితమా? ఆ లెక్కల్లోంచి రెండిటినీ విడదీయలేం.

అన్నిటికంటే గట్టి దెబ్బ నమోదు దగ్గర తగిలింది. ఆత్మహత్య అంటే ఎక్కువ పరువు తక్కువ అయ్యే చోట అదే మరణం "ఆకస్మిక మరణం" అనో "కారణం సరిగా తెలియదు" అనో వేరే గడిలో పడుతుంది. వాన్ పాపెల్, డే అనే ఇద్దరు 1905–1910 నాటి నెదర్లాండ్స్ మరణాల లెక్కలు తీశారు. వాటిలో చనిపోయినవాళ్ల మతం కూడా ఉంది కాబట్టి జిల్లా నుంచి మనిషికి దూకాల్సిన పని లేదు. కాథలిక్కుల్లో ఆత్మహత్యలు తక్కువ కనిపించాయి, ఈ పక్క గళ్లలోని మరణాలేమో ఎక్కువ కనిపించాయి. తేడాకు నమోదే ప్రధాన కారణమని 1996లో రాశారు. మతాన్నీ మరణాల కారణాలనూ ముడిపెట్టే ఏ పరిశోధనలోనైనా పక్క గళ్లు కూడా తెరిచి చూడాల్సిందే.

చదువరి_27
ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు! మరి 1912 పుస్తకం సంగతేంటి? పవిత్రం, లౌకికం అనే విభజన, గుంపుగా చేరినప్పుడు పుట్టే ఉద్వేగం?

తూర్పుగాలి
ఆ పుస్తకానికి ఆధారం ఆస్ట్రేలియా ఆదివాసులు, ముఖ్యంగా అరుంట తెగ. దుర్ఖైమ్ ఆస్ట్రేలియా వెళ్లలేదు. అక్కడ స్వయంగా పరిశీలించిన స్పెన్సర్, గిల్లెన్‌లు రాసిన వివరాల మీద ఆధారపడ్డాడు. సమాజం ఎంత సరళమైతే మతం అంత మూలరూపంలో దొరుకుతుందని ఆయన లెక్క. ఆ లెక్కే బలహీనం. అరుంటల టోటెమ్ (సమూహానికి పవిత్ర గుర్తుగా ఉండే జంతువో మొక్కో) పద్ధతి ఆస్ట్రేలియాలోనే అందరిలాంటిది కాదు. గోత్రాలున్నా టోటెమ్‌లు లేని సమాజాలున్నాయి, టోటెమ్‌లున్నా గోత్రాలు లేనివీ ఉన్నాయి.

పవిత్రం–లౌకికం విషయంలో మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచార్డ్ అభ్యంతరం చూడండి. ఆఫ్రికాలోని అజాండేల ఇళ్లలో పూర్వీకుల గుడి వాకిలి మధ్యలో ఉంటుంది. పూజ వేళ అది పవిత్రం. పూజ అయిపోయాక బల్లేలు ఆనించుకోవడానికి పనికొస్తుంది! ఒకే వస్తువు వేళను బట్టి మారుతున్నప్పుడు ప్రపంచాన్ని రెండు శాశ్వత ముక్కలుగా కోయడం కుదరదు.

సూటిమాట
అదీ. నేననేది అదే.

పాతసంచిక
తొందరపడొద్దు. మతం పుట్టుక గురించి దుర్ఖైమ్ చెప్పింది పోయింది, సరే. ఆచారం ఏం చేస్తుందని చెప్పాడో అది పోలేదు, ఇప్పుడు దాన్ని కొలుస్తున్నారు కూడా. స్పెయిన్‌లో సాన్ పెద్రో మన్రికే అనే ఊళ్లో నిప్పుల మీద నడిచే వేడుకలో గుండె వేగం నమోదు చేశారు. నడిచేవాళ్లకూ, చూస్తున్న బంధుమిత్రులకూ గుండె వేగం ఒకే తీరులో పెరిగి తగ్గింది. సంబంధం లేని ప్రేక్షకులకు అలా జరగలేదు. ఈ ఫలితం 2011లో వచ్చింది. ఉద్వేగం గుంపులో ఉన్న అందరికీ అంటుకుంటుందనే మాటకు ఇది హద్దు గీసింది. ముందే సంబంధం ఉన్నవాళ్లకే అంటుకుంది.

నల్లబల్ల
దీనికి జతగా సోసిస్ అనే పరిశోధకుడి పని చూడాలి. 19వ శతాబ్దపు అమెరికాలో ఉమ్మడి ఆస్తితో బతకాలని పెట్టుకున్న సముదాయాలు చాలా ఉండేవి, కొన్ని మత సముదాయాలు, కొన్ని సోషలిస్టు వగైరా లౌకిక సముదాయాలు. వాటిలో 200 తీసుకుని ఎన్నేళ్లు నిలిచాయో చూశాడు. ఏ ఏడాది చూసినా మత సముదాయం మరుసటి ఏటికి నిలిచే అవకాశం లౌకికదాని కంటే సుమారు 4 రెట్లు. తర్వాత బ్రెస్లర్‌తో కలిసి 83 సముదాయాల నియమాలు లెక్కగట్టారు: తిండి మీద ఆంక్షలు, బట్టల మీద ఆంక్షలు, ఆస్తి వదులుకోవడం లాంటివి. మత సముదాయాల్లో కఠిన నియమాలు ఎక్కువైన కొద్దీ ఆయుష్షు పెరిగింది. లౌకిక సముదాయాల్లో అవే కఠిన నియమాలు ఉన్నా ఆయుష్షు పెరగలేదు.

ఇందులో గమనించాల్సింది కొలత. "కలిసి ఉండటం" అనే గాలి మాటను "రద్దు కావడానికి ఎన్నేళ్లు పట్టింది" అని దించారు. అలా దించకపోతే సూటిమాట గారి అభ్యంతరం ఎప్పటికీ అలాగే ఉంటుంది.

వెన్నెలగది
మత సముదాయాల్లో చేరేవాళ్లే ముందునుంచీ పట్టుదల ఉన్నవాళ్లేమో? ఆచారం కలిపిందో, కలిసుండే మనుషులే వచ్చి చేరారో ఎలా తెలుస్తుంది?

నల్లబల్ల
మంచి ప్రశ్న. ఆ లెక్కల్లోంచి పూర్తిగా తేలదు. అందుకే కాలక్రమంలో అదే మనిషిని రెండుసార్లు అడిగిన సర్వేలు కావాలి. లిమ్, పుట్నం అనే పరిశోధకులు 2010లో అలా చేశారు. గుడికో చర్చికో వెళ్లేవాళ్లు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉంటారని అందరికీ తెలిసిందే. వాళ్లు అక్కడి స్నేహితుల సంఖ్యను లెక్కలో పెట్టేసరికి హాజరు ప్రభావం దాదాపు మాయమైంది. తరచూ వెళ్తూ, అక్కడ స్నేహితులు లేనివాళ్లకు లాభం కనపడలేదు. వ్యక్తిగత ప్రార్థన, దేవుడి ప్రేమ తనకు తెలుస్తోందనిపించడం లాంటివి విడిగా పెద్దగా తేడా తేలేదు. అలాగని ఏ స్నేహితులైనా సరిపోతారనుకోకండి. ఆ మతం తన గుర్తింపులో ముఖ్యమనుకునే వాళ్లకే ఆ స్నేహాలు ఎక్కువ పనిచేశాయి.

పాతసంచిక
దుర్ఖైమ్‌కు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. నమ్మకం ఒక్కటే చాలదు, స్నేహం ఒక్కటే చాలదు.

ఎర్రమందారం
మీరంతా కలపడం చుట్టూనే తిరుగుతున్నారు. ఎవరిని ఎవరితో, ఎవరి లాభానికి కలుపుతోంది అన్నది మార్క్స్ ప్రశ్న. ఆ "మత్తుమందు" వాక్యాన్ని సగం కోసి వాడటం మానాలి. 1844లో అచ్చయిన ఆ వ్యాసంలో దానికి ముందే మతం అణగారిన జీవి నిట్టూర్పు అనీ, హృదయం లేని లోకానికి హృదయమనీ ఉంది. అక్కడే మతం నిజమైన బాధకు వ్యక్తీకరణ, ఆ బాధ మీద నిరసన కూడా అంటాడు. ఆ రోజుల్లో నల్లమందు నొప్పి తగ్గించే మందు కూడా. 1850లో ఎంగెల్స్ జర్మన్ రైతాంగ యుద్ధం మీద రాస్తూ 16వ శతాబ్దపు మతబోధకుడు థామస్ ముంట్సర్ మతభాషలోనే తిరుగుబాటు నడిపాడని చూపించాడు.

సూటిమాట
అయితే ఇదీ రెండు వైపులా గెలిచే సిద్ధాంతమే. అణిగి ఉంటే మత్తు, తిరగబడితే నిరసన.

ఎర్రమందారం
కాదు. ఏ పరిస్థితుల్లో ఏది అవుతుందో చెప్పగలిగితే పరీక్షకు నిలుస్తుంది. గ్యారీ మార్క్స్ అనే సోషియాలజిస్టు 1967లో అమెరికా నల్లజాతీయుల సర్వే మీద వ్యాసం రాశాడు. మొత్తం మీద మతనిష్ఠ పెరిగిన కొద్దీ పోరాటతత్వం తగ్గింది. కానీ మతనిష్ఠ గలవాళ్లలో పరలోకం మీద చూపున్నవాళ్లను, ఈ లోకంలో న్యాయం మీద చూపున్నవాళ్లను విడదీస్తే కథ మారింది. రెండో రకంలో మతం పోరాటానికి అడ్డు కాలేదు.

సంస్థ సంగతి వేరే. 1955లో అమెరికాలోని మాంట్‌గమరీలో వివక్షకు నిరసనగా నల్లజాతీయులు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు నడిచింది. అన్నాళ్లు నడవాలంటే సమావేశాలకు చోటు, చందాలు, జనానికి తెలిసిన నాయకులు, వార్త చేరవేసే దారి కావాలి. ఇవన్నీ చర్చిల దగ్గర ముందే ఉన్నాయని ఆల్డన్ మోరిస్ 1984 పుస్తకంలో వివరంగా చూపించాడు. ఆ నాయకుల జీతం తెల్ల యజమాని చేతిలో లేదు, భక్తుల చందాల్లోంచి వచ్చేది. అందుకే వాళ్లను ఉద్యోగం పేరుతో బెదిరించడం కుదరలేదు. కాబట్టి అడగాల్సినవి రెండు: బోధ ఏ లోకం వైపు చూస్తోంది? సంస్థకు డబ్బు ఎవరిస్తున్నారు?

చదువరి_27
డబ్బు ఎవరిస్తున్నారన్న ప్రశ్న బాగుంది, రాసిపెట్టుకున్నా. వెబర్ గురించి ఎవరూ మాట్లాడరేం?

తూర్పుగాలి
ప్రొటెస్టంట్ బోధ పెట్టుబడిదారీ మనస్తత్వానికి ఊతమిచ్చిందన్న వెబర్ వాదనలో మెట్లు విడివిడిగా చూడాలి. ఎవరికి మోక్షమో దేవుడు ముందే నిర్ణయించాడు, మార్చడం ఎవరి వల్లా కాదు అని ప్రొటెస్టంట్ గురువుల్లో ఒకడైన కాల్విన్ బోధ. దానివల్ల భక్తుడికి భరించలేని బెంగ. తను ఎన్నికైనవాడినేనన్న గుర్తుల కోసం వెతుకులాట. పాస్టర్లు ఇచ్చిన సలహా: నీ వృత్తిని క్రమశిక్షణతో చెయ్, సోమరితనం వద్దు, భోగం వద్దు. ఖర్చు లేకుండా పని చేస్తే డబ్బు మిగులుతుంది, అది మళ్లీ వ్యాపారంలోకే వెళ్తుంది. 1904–05లో వచ్చిన వ్యాసాలివి, 1920లో సవరించాడు. ప్రతి మెట్టుకూ వేరే సాక్ష్యం కావాలి. బెంగ అనే మెట్టు బోధకుల పుస్తకాల్లోంచి తీసుకున్నది, మామూలు భక్తుల లోపల ఏం జరిగిందో వాటిలోంచి తెలియడం కష్టం.

మొదటి పేజీల్లో వాడిన, జర్మనీలోని బాడెన్ బడుల లెక్కలో తప్పు కూడా ఉంది. ఒక రకం హైస్కూల్లో ప్రొటెస్టంట్ల వాటా 59 శాతం ఉండాల్సింది 69 అని పడింది. ఆ పట్టిక ఆయన విద్యార్థి ఓఫెన్‌బాహర్‌ది, వెబర్ అలాగే ఎత్తి రాశాడు. అడ్డంగా కూడితే వంద దాటుతుంది.

లెక్కలపంతులు
పెద్ద డేటాతో చేసినవి రెండున్నాయి. బెకర్, వూస్‌మన్ 2009లో 19వ శతాబ్దపు ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలోని 452 జిల్లాలు చూశారు. ప్రొటెస్టంట్ జిల్లాలు ధనికమే, కానీ అక్షరాస్యతను లెక్కలో పెడితే తేడాలో చాలాభాగం దానికే పోతుంది. బైబిల్ ఎవరికి వాళ్లు చదవాలన్న, ప్రొటెస్టంట్ శాఖ మొదలుపెట్టిన లూథర్ పట్టుదలతో బడులొచ్చాయి, చదువు డబ్బు తెచ్చింది, పని నీతి దాకా వెళ్లనక్కర్లేదని వాళ్ల మాట. కాంటోని 2015లో జర్మన్ ప్రాంతాల్లోని 272 నగరాల జనాభా 1300 నుంచి 1900 వరకు చూసి ప్రొటెస్టంట్ నగరాలేమీ ఎక్కువ పెరగలేదన్నాడు.

తూర్పుగాలి
పంతులుగారూ, ప్రష్యాలో ఉన్నది ప్రధానంగా లూథరన్లు. వెబర్ బరువంతా కాల్వినిస్టుల మీద, వాళ్ల బాటలోనే నడిచిన నిష్ఠాపరులు ఇంగ్లిష్ ప్యూరిటన్ల మీద. లూథర్ వృత్తి భావన సంప్రదాయంలోనే ఆగిపోయిందని ఆయనే రాశాడు. పైగా ఆయన వివరించబోయింది నగర జనాభానో ఆదాయమో కాదు, డబ్బు సంపాదనను కర్తవ్యంగా చూసే మనస్తత్వాన్ని. కాంటోని పని మంచిదే, కానీ అది "ప్రొటెస్టంట్లు ధనవంతులవుతారు" అనే జనాభిప్రాయానికి పరీక్ష. వెబర్‌కు సగం పరీక్షే.

లెక్కలపంతులు
ఒప్పుకుంటా. కాకపోతే ఆ మనస్తత్వాన్ని కొలిచే దారి చూపకపోతే వెబర్ కూడా దుర్ఖైమ్ పక్కనే బోనులో నిలబడాలి.

వెన్నెలగది
ఇంతకీ మతం తగ్గుతోందా లేదా? సోషియాలజిస్టు బర్గర్ 1967లో తగ్గుతుందన్నాడు, 1999లో మాట మార్చాడు. ఎవర్ని నమ్మాలి?

నల్లబల్ల
"తగ్గడం" అనే మాటలో మూడు ఇరుక్కున్నాయి. 1994లో కాసనోవా అనే సోషియాలజిస్టు విడదీశాడు. ప్రభుత్వం, చట్టం, విజ్ఞానం, వ్యాపారం మత సంస్థల చేతిలోంచి విడిపోవడం ఒకటి. నమ్మకమూ హాజరూ పడిపోవడం ఇంకొకటి. మతం ఇంటి గోడల మధ్యకు ముడుచుకోవడం మరొకటి. మొదటిది గట్టిగా నిలుస్తుందని, మిగతా రెండూ దానితో పాటు తప్పనిసరిగా రావని ఆయన వాదం. 1979 ఇరాన్ విప్లవం, పోలండ్‌లో చర్చి అండ ఉన్న సాలిడారిటీ కార్మిక ఉద్యమం కళ్ల ముందుండగా మూడోది అందరికీ వర్తిస్తుందనడం కష్టం. బర్గర్ మార్చుకున్నది ఆధునికత వస్తే మతం పోక తప్పదన్న మాటను.

సూటిమాట
మతం తగ్గుతుందన్న మాటకు విరుగుడుగా వచ్చిన "మత మార్కెట్" సిద్ధాంతం ఏమైంది? పోటీ ఎక్కువైతే సంస్థలు కష్టపడతాయి, జనం ఎక్కువ వస్తారు అని స్టార్క్, ఫింకే చెప్పారుగా. అది నాకు నచ్చేది, కనీసం అంకెలతో మాట్లాడారు.

లెక్కలపంతులు
అంకెలే దాన్ని ముంచాయి. కాస్త పొడుగ్గా చెప్తాను, కాగితం తీసుకోండి.

వైవిధ్యాన్ని ఇలా కొలుస్తారు. మతంలో చేరినవాళ్లందరిలో ఒక్కో శాఖ వాటాను తనతో తనే గుణించి, అన్నీ కూడి, 1 నుంచి తీసేస్తారు. ఒకే శాఖ ఉంటే 0, చాలా చిన్న శాఖలుంటే 1కి దగ్గర. దీన్ని మొత్తం జనాభాలో చేరినవాళ్ల శాతంతో పోలుస్తారు.

మూడు ఊళ్లు ఊహించుకోండి. మొదటి ఊళ్లో పెద్ద శాఖలో జనాభాలో 40 శాతం, చిన్న శాఖలో 10 శాతం. చేరినవాళ్లు 50 శాతం, వాటాలు 0.8, 0.2, సూచిక 0.32. రెండో ఊళ్లో పెద్దది 40, చిన్నది 30. చేరినవాళ్లు 70 శాతం, సూచిక 0.49. మూడో ఊళ్లో పెద్దది 60, చిన్నది 10. చేరినవాళ్లు మళ్లీ 70 శాతమే, సూచిక 0.24.

మొదటి రెండు ఊళ్లనే చూస్తే వైవిధ్యం పెరిగితే చేరినవాళ్లు పెరిగారు, పోటీ సిద్ధాంతం జిందాబాద్. మొదటిదీ మూడోదీ చూస్తే వైవిధ్యం తగ్గితే చేరినవాళ్లు పెరిగారు, గుత్తాధిపత్య సిద్ధాంతం జిందాబాద్. నేనెక్కడా పోటీ అనే కారణాన్ని లెక్కలో పెట్టలేదు చూడండి. ఊరూరికీ చిన్న శాఖ సైజు ఎక్కువగా మారితే ప్లస్, పెద్ద శాఖ సైజు ఎక్కువగా మారితే మైనస్. రెండు అంకెలూ ఒకే సరుకులోంచి తీసినవి కాబట్టి వాటి మధ్య సంబంధం దానంతటదే పుడుతుంది. వోయస్, ఓల్సన్, క్రాకెట్ 2002లో దీన్ని గణితంగా చూపించారు.

అంతకు ముందు ఏడాదే చేవ్స్, గోర్‌స్కీ 26 వ్యాసాల్లోని 193 పరీక్షలు పరిశీలించి, వైవిధ్యం హాజరును పెంచుతుందన్న మాటకు ఆధారం లేదని తేల్చారు. అసలు ఫింకే, స్టార్క్ 1906 నాటి 150 అమెరికా నగరాల లెక్కలోనూ విడిగా చూస్తే సంబంధం మైనస్సే. కాథలిక్కుల శాతాన్ని సమీకరణంలో చేర్చాకే ప్లస్ అయింది. కాథలిక్కుల శాతం పెరిగితే ఈ సూచిక దానంతటదే పడిపోతుంది, రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.

వెన్నెలగది
కాగితం మీద చేసి చూశాను, అలాగే వచ్చింది. పదేళ్ల పాటు ఇంతమంది దీన్నెలా చూడలేదు?

లెక్కలపంతులు
సూచిక వ్యాపార రంగం నుంచి అరువు తెచ్చుకున్నారు, అందులో పోటీని కొలవడానికే వాడతారు. తెచ్చిన తర్వాత పాత్ర మారిందని గమనించడానికి సమయం పట్టింది. ఎవరైనా ఇలాంటి పని చేసేముందు ఊళ్ల అంకెలను యాదృచ్ఛికంగా పుట్టించి అదే లెక్క వేసి చూడాలి. అందులోనూ సంబంధం వస్తే డేటా ఏమీ చెప్పట్లేదని అర్థం.

పాతసంచిక
ఇంకో జాగ్రత్త: హాజరు అంకెనే నమ్మకూడదు. హాడవే, మార్లర్, చేవ్స్ 1993లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీలో (జిల్లా లాంటిది) ఫోన్ సర్వే చేసి, చర్చిలకు వచ్చినవాళ్ల లెక్కతో పోల్చారు. వెళ్లామని చెప్పినవాళ్లలో నిజంగా వెళ్లింది సుమారు సగం. మంచివాడిగా కనపడాలనే కోరిక జవాబును పెంచుతుంది. "గత వారం వెళ్లారా" అని అడగడం కంటే "నిన్న పొద్దుట్నుంచి ఏమేం చేశారో చెప్పండి" అని రోజంతా రాయించుకుంటే ఆ పెంపు తగ్గుతుంది. వారం వారం సభ్యత్వ హాజరు అనే పద్ధతే లేని మతాలకు ఈ ప్రశ్న అసలు పనికిరాదు. ఇంట్లో చేసే ఆచారాలు, ఏడాదికోసారి యాత్ర లాంటివి విడిగా అడగాలి. లేకపోతే వాళ్లందరూ "మతం లేనివాళ్లు" గడిలో పడతారు.

సూటిమాట
సరే, 1897 దుర్ఖైమ్ పరీక్షకు నిలబడే సిద్ధాంతం రాశాడని ఒప్పుకుంటున్నాను. 1912 విషయంలో నా మాట మారదు. గుండె వేగం, సముదాయాల ఆయుష్షు, ఇవన్నీ ఆచారం మీద సాక్ష్యాలు. మనుషులు దేవుడి పేరుతో పూజించేది తమ సమాజాన్నే అన్న మూల వాక్యానికి వీటిలో ఒక్కటీ సాక్ష్యం కాదు.

పాతసంచిక
ఆ వాక్యానికి సాక్ష్యం తేలేనన్నది నిజం. ఆచారం ఆగిపోతే ఏమవుతుందన్నది మాత్రం చూడొచ్చు. ఆచారాలు ఎప్పటికప్పుడు జరగకపోతే సమూహ భావన సన్నగిల్లుతుందని ఆ పుస్తకంలోనే ఉంది. 2020లో చాలా దేశాల్లో ప్రార్థనా స్థలాలు మూతపడ్డాయి, వేర్వేరు చోట్ల వేర్వేరు కాలం పాటు. ముందూ వెనకా ఒకే మనుషులను అడిగిన సర్వే ఉంటే, ఎక్కువకాలం మూసిన చోట బంధాలు ఎక్కువ సన్నగిల్లాయా, నమ్మకం కూడా వాటి వెంటే పడిందా అని చూడొచ్చు.

వెన్నెలగది
అప్పుడు బడులు, ఆఫీసులు, సినిమా హాళ్లు కూడా మూశారు కదా. బంధాలు సన్నగిల్లితే ప్రార్థనా స్థలం మూసినందుకేనని ఎలా?

నల్లబల్ల
అందుకే మిగతావన్నీ తెరిచాక కూడా ప్రార్థనా స్థలాలు మూసి ఉంచిన ప్రాంతాలు, వాటితో పాటే తెరిచిన ప్రాంతాలు విడివిడిగా తీసుకోవాలి. రెండు చోట్లా అసలు ఎప్పుడూ వెళ్లనివాళ్లను కూడా పోలికకు పెట్టుకోవాలి. వెళ్లేవాళ్లలోనే మార్పు కనపడి, వెళ్లనివాళ్లలో కనపడకపోతే పాతసంచిక గారి మాటకు బలం. ఇద్దరిలోనూ ఒకేలా ఉంటే మూతపడిన ఆఫీసులూ బడులే కారణం అనుకోవాలి. ఆన్‌లైన్ ప్రార్థనలకు హాజరైనవాళ్లకు ఇంకో గడి పెట్టడం మర్చిపోవద్దు, ఒంటరిగా తెర ముందు కూర్చున్నది హాజరో కాదో ముందే తేల్చుకోవాలి.

చదువరి_27
ఆన్‌లైన్ గడిని రెండుగా చేస్తే? రికార్డింగ్ తర్వాత చూసినవాళ్లు ఒకటి, అదే సమయానికి అందరితో పాటు చూసినవాళ్లు ఇంకొకటి. ఒకే వేళకు కలవడమే ముఖ్యమైతే తేడా అక్కడే రావాలి కదా.

పాతసంచిక
రావాలి. తేడా రాకపోతే ఉద్వేగం గురించి నేను పైన రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది. ఆ గడి తప్పకుండా పెట్టండి.